సొంతిల్లు – సందేహాలు: బ్యాంకు ఇస్తానన్న అప్పు, ఇల్లు మోయగలిగిన అప్పు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇల్లు, స్థలం కొనుగోలుకు సంబంధించినవే. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు కనుక, పదిమందికీ పనికివచ్చే అయిదింటిని ఎంచుకున్నాను. బ్యాంకులో గృహరుణాల బల్ల దగ్గర చాలా ఏళ్ళు కూర్చున్నవాడిని కాబట్టి, అవతలి వైపు నుంచి ఆ బల్ల ఎలా కనిపిస్తుందో నాకు కొంత తెలుసు.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. వయసు 41. కోతలన్నీ పోను నెలకు 72 వేలు చేతికి వస్తుంది. వేదాయపాళెంలో 12 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాము. మినీ బైపాస్ దగ్గర కడుతున్న అపార్ట్‌మెంటులో 58 లక్షలకు ఫ్లాట్ చూశాము. బ్యాంకు వారు 46 లక్షల వరకు ఇస్తామన్నారు. మా దగ్గర 11 లక్షలు ఉన్నాయి. తక్కువ పడినది మా ఆవిడ పాతిక సవర్ల బంగారం తాకట్టు పెట్టి సర్దుదామనుకుంటున్నాము. అద్దె కట్టడం దండగ, ఆ డబ్బే ఈఎంఐగా కడితే ఇల్లు మిగులుతుందని మా మామగారు అంటున్నారు. ముందుకు వెళ్ళమంటారా?
– ఒక ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: మాస్టారు గారూ, ముందుగా మీ మామగారి లెక్కే చూద్దాం. 46 లక్షలను 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు దాదాపు 39,900 రూపాయల ఈఎంఐ పడుతుంది. అందులో మొదటి నెల వడ్డీకి పోయేది 32,583 రూపాయలు, అసలుకు జమయ్యేది ఏడు వేల పైచిలుకు మాత్రమే. నెలకు 12 వేల అద్దె దండగే అనుకుంటే, ఈ 32 వేల వడ్డీని ఏమనాలో ఆయననే అడగండి. అద్దె ఏటా పెరుగుతుంది, వడ్డీ ఏటా తగ్గుతుంది అన్నది నిజమే కాని, ఆ రెండూ ఒకచోట కలిసేది చాలా ఏళ్ళ తరువాత.

రెండవది, ఫ్లాట్ 58 లక్షలకు రాదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కనుక 4.35 లక్షలు అక్కడ పోతాయి. కడుతున్న భవనం, ధర 45 లక్షలు దాటింది కనుక 5 శాతం జీఎస్టీ, అంటే మరో 2.90 లక్షలు. (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనం పూర్తయి నివాసానికి సిద్ధమన్న పత్రం, వచ్చిన తరువాత అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. 45 లక్షల లోపు ధర ఉండి, మన ఊళ్ళలో కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే వైశాల్యం, 90 చదరపు మీటర్లు మించకపోతే ఒక్క శాతమే.) ఇంత ధర గల ఇంటికి బ్యాంకులు విలువలో 80 శాతానికి మించి అప్పు ఇవ్వకూడదు. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చులను కలపరు కూడా. కాబట్టి మీరు చేతి నుంచి పెట్టవలసినది 12 లక్షల మార్జిన్ (ధరలో బ్యాంకు ఇవ్వని వాటా), 7.25 లక్షల పన్నులు, సుంకాలు, వెరసి 19.25 లక్షలు. ఆ పైన అలమరాలు, గ్రిల్స్, ఇన్వర్టరు, అసోసియేషన్ వారి కార్పస్ ఫండు అంటూ మరో నాలుగు లక్షలైనా లేకుండా గృహప్రవేశం చేసినవారిని నేను చూడలేదు. మీ 11 లక్షలు పోను 12 లక్షల లోటు కనిపిస్తోంది. దానిని బంగారం మీద తెస్తే ఆ వడ్డీ ఈఎంఐకి అదనం, నగలు విడిపించుకోవడానికి దారి మాత్రం ఎక్కడా లేదు.

బ్యాంకు 46 లక్షలు ఇస్తామనడం మీ శక్తికి యోగ్యతాపత్రం అనుకోకండి. ప్రభుత్వ జీతం నెల నెలా ఖాతాలో పడుతుంది, వాయిదా తప్పదు అన్న ధైర్యంతో బ్యాంకు ఇచ్చే హద్దు అది. పెద్దమ్మాయి ఇంటర్‌లో చేరే సంవత్సరం మీ ఇంట్లో ఏమవుతుందో బ్యాంకుకు పట్టదు. నా అంచనాలో మీ ఇల్లు మోయగలిగిన ఈఎంఐ 25 వేలు, అంటే దాదాపు 29 లక్షల అప్పు. దానికి తగిన ఇల్లు 38 నుంచి 40 లక్షల మధ్య ఉంటుంది. ఆ ధరకు కొత్త ఫ్లాట్ దొరకదని అంటారు. పదేళ్ళు వాడిన ఫ్లాటులను చూడండి. జీఎస్టీ ఉండదు, అలమరాలు అప్పటికే ఉంటాయి, గోడలో చెమ్మ ఎక్కడ దిగుతుందో కళ్ళారా కనిపిస్తుంది. పాతవాటిలో రెండు సంగతులు మాత్రం తప్పక చూడండి. మొదటిది, దస్తావేజులో మీకు రాసే అవిభాజ్య స్థలం వాటా ఎన్ని అంకణాలో (మన నెల్లూరు అంకణం 8 గజాలు) చూడండి. భవనానికి ఏటా వయసు పెరిగి విలువ తగ్గుతుంది, నిలిచేది ఆ స్థలమే. రెండవది, పెన్నాకు దగ్గరగా ఉన్న కాలనీలలో ధర తక్కువగా చెబుతుంటే, 2021 నవంబరు వరదలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయని పక్కింటివారిని అడగండి. అమ్మేవారిని అడగకండి.

ఇక ఆ కొత్త ఫ్లాట్ మీదే మనసు నిలిస్తే, సంతకం పెట్టేలోపు ఒక పరీక్ష పెట్టుకోండి. ఈఎంఐ 39,900, ఇప్పుడు కడుతున్న అద్దె 12 వేలు. ఆ తేడా, అంటే 28 వేల రూపాయలను జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌కు పంపండి. వరుసగా ఆరు నెలలు, పండుగ నెలతో సహా, ఒక్కసారి కూడా దానిని ముట్టుకోకుండా ఇల్లు గడిస్తే మీ మామగారి మాట నిజమని ఒప్పుకుంటాను. గడవకపోయినా మీ చేతిలో 1.68 లక్షలు మిగులుతాయి, నష్టం లేదు.

బిల్డరు ముందే 15 లక్షలు అడుగుతున్నారని ఉత్తరం చివర రాశారు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి, అంటే మీ విషయంలో 5.80 లక్షలకు మించి తీసుకోకూడదు. ఎనిమిది ఫ్లాట్లు, 500 చదరపు మీటర్ల స్థలం మించిన ప్రాజెక్టుకు రెరా నమోదు ఉండాలి. నంబరు అడగండి. తడబడితే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: మావారు దుబాయ్‌లో పనిచేస్తున్నారు. రామాయపట్నం పోర్టుకు పది నిమిషాల దూరంలో వెంచర్ వేశారు, అంకణం 62 వేలు, 36 అంకణాల ప్లాటు మావారి పేర తీసుకోమని ఏజెంటు ఒత్తిడి చేస్తున్నారు. పోర్టు మొదలైతే ధర రెట్టింపు అవుతుందంటున్నారు. లేఅవుట్‌కు అనుమతి 'ప్రాసెస్‌లో ఉంది' అట. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నింటికన్నా బరువైన మాట 'ప్రాసెస్‌లో ఉంది' అన్నది. అనుమతి రాని లేఅవుట్ కాగితం మీద ప్లాట్లుగా గీసిన పొలం మాత్రమే. విదేశాలలో ఉద్యోగం చేసే ప్రవాస భారతీయులు మన దేశంలో ఇళ్ళు, ఇళ్ళ స్థలాలు కొనవచ్చు కాని, వ్యవసాయ భూమిని కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఇది మీవారి పేర కొనవలసిన స్థలం కాదు. మీ పేర కొన్నా మిగిలిన ఇబ్బందులు అలాగే ఉంటాయి. అనుమతి లేని ప్లాటుకు బ్యాంకు అప్పు పుట్టదు, ఇంటి ప్లాను రాదు, తరువాత క్రమబద్ధీకరణ పథకం వస్తే ఆ అపరాధ రుసుము కట్టేది మీరే.

లెక్క విషయానికి వస్తే, నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. అదే తిరుపతి వైపు అంకణం అంటే 36 అడుగులే. ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఏజెంట్లు గజాలలోనో సెంట్లలోనో చెబుతారు. ఎవరు ఏ కొలత చెప్పినా గజాలలోకి మార్చుకుని పోల్చండి. మీ ప్లాటు 288 గజాలు, దాదాపు ఆరు సెంట్లు, గజం 7,750 రూపాయలు, మొత్తం 22.32 లక్షలు. ఆ చుట్టుపక్కల గత ఏడాది నిజంగా రిజిస్టరైన ధర ఎంతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరిని అడిగి దీని పక్కన పెట్టి చూడండి. పోర్టు పేరు చెప్పి అమ్మేవారు పోర్టు వచ్చాక రావలసిన ధరను ఇవాళే అడుగుతారు. ఇక మీకు పెరగడానికి మిగిలేది ఎంత? ఇల్లయితే అద్దె అయినా వస్తుంది. ఖాళీ స్థలం ఊరికే ఉంటుంది. 22 లక్షలకు 8.5 శాతం చొప్పున ఏడాదికి లక్షా తొంభై వేల వడ్డీ నష్టపోతూ, కంపచెట్లు కొట్టించడానికి మళ్ళీ ఖర్చు పెట్టాలి.

కొలతల గురించి నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం పొదలకూరు రోడ్డు వైపు నేనూ సరిగ్గా 36 అంకణాల స్థలమే బేరం చేశాను. దస్తావేజులో తూర్పు పడమరలు 36 అడుగులు, ఉత్తర దక్షిణాలు 72 అడుగులు అని ఉంది. రిజిస్ట్రేషన్‌కు ముందురోజు సాయంత్రం మా బావమరిది టేపు ఒక కొస పట్టుకోగా నేను రెండవ కొస పట్టుకుని కొలిస్తే, ఉత్తర దక్షిణాలు 69 అడుగుల 6 అంగుళాలే వచ్చింది. రాయి పాతిన చోటు సరిగానే ఉంది, రెండున్నర అడుగులు రోడ్డు తినేసింది. అమ్మిన ఆయన 'అంత చిన్న విషయానికా సార్' అన్నారు. ఆ చిన్న విషయం ఒకటింపావు అంకణం. మీ ధరలో చెప్పాలంటే 77,500 రూపాయలు. ఆయన కొంత గొణిగి ఆ మేరకు తగ్గించారు. టేపు ఖరీదు అప్పట్లో నలభై రూపాయలు.

నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) గాని, సంబంధిత అధికార సంస్థ గాని ఇచ్చిన తుది అనుమతి, రెరా నంబరు చేతికి వచ్చాక, ఆ సర్వే నంబరు నిషేధిత భూముల 22ఏ జాబితాలో లేదని చూసుకున్నాక, డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం కేటాయించిన భూమి) కాదని పాత అడంగళ్ళలో, అంటే గ్రామ భూమి లెక్కలలో, తేలాక మళ్ళీ ఆలోచించండి. అంతదాకా ఆ ఏజెంటు ఎన్నిసార్లు ఫోన్ చేసినా 'మావారు వచ్చాక' అనండి, చాలు.

ప్రశ్న: లాయరుపేటలో 4 సెంట్లలో ఉన్న పాత ఇంటిని ముగ్గురు అన్నదమ్ములు 72 లక్షలకు అమ్ముతున్నారు. తండ్రిగారు కట్టిన ఇల్లు, ఆయన వీలునామా రాయకుండా పోయారు. దస్తావేజు 40 లక్షలకు రాయించుకుని మిగిలిన 32 లక్షలు నగదుగా ఇమ్మంటున్నారు. మాకూ స్టాంపు ఖర్చు కలిసివస్తుందని చెబుతున్నారు. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించాము, శుభ్రంగా ఉంది.
– ఒక వ్యాపారి, ఒంగోలు

జవాబు: మీకు కలిసివచ్చేది 32 లక్షల మీద 7.5 శాతం, అంటే 2.40 లక్షలు. దాని కోసం ఏమి వదులుకుంటున్నారో చూడండి. బ్యాంకు అప్పును దస్తావేజు విలువ మీదే లెక్కకడుతుంది. 40 లక్షల దస్తావేజుకు 80 శాతం అంటే 32 లక్షలే వస్తుంది. 72 లక్షలూ రాయిస్తే మీ ఆదాయాన్ని బట్టి 57.60 లక్షల దాకా రావచ్చు. ఆ తక్కువలో ఒక పది లక్షలు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకు 20 వేలు, ఏడాదికి 2.40 లక్షలు. మీరు మిగుల్చుకున్న స్టాంపు ఖర్చు సరిగ్గా ఒక ఏడాదిలో ఆవిరి, అసలు మాత్రం అలాగే ఉంటుంది. రేపు మీరు ఆ ఇల్లు అమ్మినప్పుడు మీ కొన్న ధర 40 లక్షలే అని కాగితం చెబుతుంది కనుక, ఆ 32 లక్షలనూ లాభంగానే చూసి 12.5 శాతం చొప్పున నాలుగు లక్షల పన్ను అదనంగా పడుతుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా వేసే నిబంధన ఆదాయపు పన్ను చట్టంలో ఉందని ఆ అన్నదమ్ములకు చెప్పండి. నగదు మీద వారికున్న ముచ్చట కొంత తగ్గవచ్చు. ఒకవేళ బేరం చెడితే మీరిచ్చిన 32 లక్షలకు సాక్ష్యం ఏదని మాత్రం నన్ను అడగకండి. అటువంటి కేసులో మా బ్యాంకు ఖాతాదారు ఒకాయన కోర్టు వరండాలో ఏళ్ళ తరబడి కూర్చోవడం చూశాను.

పూర్తి ధరకు రాయిస్తే, ఇది 50 లక్షలు దాటిన కొనుగోలు కనుక అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో ఒక శాతం, అంటే 72 వేలు టీడీఎస్‌గా మీరే మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. మరిచిపోతే ఆ బాధ్యత మీ మీదే పడుతుంది.

ధర కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టినది 'ముగ్గురు అన్నదమ్ములు' అన్న మాట. అక్కచెల్లెళ్ళు లేరా? తండ్రి స్వార్జితమైన ఇంటికి వీలునామా లేకపోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు అందరూ సమాన వారసులు. ఇది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. పెళ్ళిలో కట్నం ఇచ్చాము, ఆవిడ అడగదు అన్నది చట్టం ముందు చెల్లే మాట కాదు. తల్లి జీవించి ఉంటే ఆవిడా సంతకం చేయాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించి అందులో ఉన్న ప్రతి పేరూ దస్తావేజులో అమ్మకందారుగా ఉండేలా చూడండి. ఈసీ శుభ్రంగా ఉండటానికి, వారసత్వం శుభ్రంగా ఉండటానికి సంబంధం లేదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. కోర్టు కేసులు, రిజిస్టరు కాని పంపకాలు, అసలు దస్తావేజు ఎక్కడైనా కుదువపెట్టి తెచ్చిన అప్పులు అందులో కనిపించకపోవచ్చు. అందుకే ఒరిజినల్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) చూపించమనాలి, జిరాక్సులు కాదు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే ఉంటుంది. మీది పాత ఇల్లు కనుక అంతకుముందు పుస్తకాలను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే వెతికించండి. కుళాయి నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయో, బోరు నీరు ఉప్పో తీపో కూడా అడగండి. ఒంగోలులో నీళ్ళ ట్యాంకరు ఖర్చు కూడా ఈఎంఐ లాంటిదే.

ప్రశ్న: గృహరుణం ఇంకా 24 లక్షలు, 14 ఏళ్ళు ఉంది, వడ్డీ 8.5 శాతం. చీటీ పాడి 6 లక్షలు చేతికి వచ్చాయి. అప్పులో కట్టాలా, డిపాజిట్ చేయాలా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, కందుకూరు

జవాబు: ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము విడిగా ఉంటేనే ఈ మాట. ఉంటే అప్పులో కట్టండి. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ మీ అప్పు వడ్డీ కన్నా తక్కువ, దాని మీద పన్ను కూడా ఉంది. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతంగా నివసించే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు కనుక 'పన్ను కోసం అప్పు ఉంచుకోవాలి' అన్న పాత సలహా మీకు వర్తించదు. మారే వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. కట్టేటప్పుడు 'ఈఎంఐ తగ్గించవద్దు, కాలం తగ్గించండి' అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఇప్పటి మీ 24,478 రూపాయల ఈఎంఐ అలాగే కడుతూ పోతే 168 నెలల అప్పు దాదాపు 104 నెలలకే తీరుతుంది. వడ్డీలో మిగిలేది తొమ్మిదిన్నర లక్షలు. చీటీ వాయిదాలు ఇంకా కట్టవలసినవి ఎన్ని ఉన్నాయో మీరు రాయలేదు. అవీ, ఈఎంఐ కలిసి జీతాన్ని దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: గ్రానైట్ ఫ్యాక్టరీలో పని. ఏడాదికి ఆదాయం 4 లక్షలు. ఎక్కడా సొంత ఇల్లు లేదు. 22 లక్షలకు చిన్న ఇల్లు చూశాము. ప్రధానమంత్రి ఆవాస్ కింద వడ్డీ రాయితీ వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక కార్మికుడు, చీమకుర్తి

జవాబు: 2024 సెప్టెంబరులో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండవ దశలో ఆ రాయితీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు మించకూడదు, ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు, దేశంలో ఎక్కడా మీ కుటుంబంలో ఎవరి పేరా పక్కా ఇల్లు ఉండకూడదు. అప్పులో మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ లెక్కకట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలను అయిదు వార్షిక వాయిదాలలో అప్పు ఖాతాకు జమచేస్తారు. ఆ సొమ్ము చేతికి రాదు, మొదటి నెల ఈఎంఐనీ తగ్గించదు. కనుక రాయితీ లేదనుకునే లెక్క వేసుకోండి. మీ ఆదాయానికి నెలకు 11 వేల ఈఎంఐ, అంటే 12 లక్షల చిల్లర అప్పు దాటితే కష్టం. అంటే 22 లక్షల ఇంటికి మీరు చేతి నుంచి పెట్టవలసినది రిజిస్ట్రేషన్‌తో కలిపి దాదాపు 11 లక్షలు. అంత సమకూరకపోతే దస్తావేజు మీ భార్యాభర్తలిద్దరి పేరా రాయించుకునేలా, ఆవిడకు స్థిరమైన ఆదాయం ఉంటే దానినీ కలిపి అప్పు అడగండి. అప్పు మంజూరు చేసేటప్పుడు బ్యాంకులో ఒకేసారి కట్టే బీమా పాలసీని అప్పులోనే కలిపి ఇస్తామంటారు. దానికి 20 ఏళ్ళు వడ్డీ కడతారు. బదులుగా ఏటా కొద్ది ప్రీమియం కట్టే టర్మ్ పాలసీ మీ పేర తీసుకుని, కాగితాలు మీ ఆవిడకు చూపించి పెట్టెలో ఉంచండి.